ఏటి ఒడ్డున కౌలు పొలం ఉంది, వంశధార పెరిగేది ముందే తెలుసుకోవడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున కౌలుకి పొలం తీసుకున్నారు. ఆయిల్ ఇంజను ఏటి లోపలికి దించి పెట్టుకున్నారు. మొన్న అక్కడ చినుకు కూడా పడకుండా రాత్రికి రాత్రి నీళ్లు ఇంజను దాకా వచ్చేశాయి. ఫోన్లో ఏటి మట్టం చూస్తే యాభై చిల్లర మీటర్లు అని చూపిస్తోంది, దానికి భయపడాలో వద్దో తెలీలేదు. ఏరు పెరిగేది ముందే తెలుసుకునే దారి ఏంటి, సొంతంగా సెన్సార్ పెట్టుకుంటే పనికొస్తుందా అని అడిగారు.

నేను ఇదే ఏటి మీద కొన్ని వానాకాలాలు నీటి మట్టం కొలిచే గేజ్ సైట్లో సీజనల్ ఖలాసీగా, అంటే సహాయ కూలీగా పనిచేశాను. ఇప్పుడు ఆ పని మానేసి ఒడ్డునే వంగ, మిర్చి వేసుకుంటున్నాను, నాకూ ఏట్లో ఇంజను ఉంది. కాబట్టి కొలిచేవాడి బాధా తెలుసు, మునిగేవాడి బాధా తెలుసు.

మన ఏటికి మట్టం కంటే మట్టం పెరిగే వేగం ముఖ్యం. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ యాభై మీటర్ల సంగతి. అది ఏటి లోతు కాదండీ. సముద్ర మట్టం నుంచి నీటి పైభాగం ఎంత ఎత్తులో ఉందో ఆ లెక్క. భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగులు అని మూడు ప్రమాద హెచ్చరికలు చిన్నప్పటి నుంచీ టీవీలో వింటాం కదా, అది అక్కడి స్కేల్ సున్నా నుంచి అడుగుల్లో లెక్క. మనకి కేంద్ర జల సంఘం వాళ్లు మీటర్లలో, సముద్ర మట్టం నుంచి చెప్తారు. కాశీనగర్ దగ్గర డేంజర్ లెవెల్ 54.60 మీటర్లు, గుణుపురం దగ్గర 84 మీటర్లు. గుణుపురం అంకె పెద్దది కాబట్టి అక్కడ వరద ఎక్కువ అని మా బంధువు ఒకాయన ఏటేటా ఫోన్ చేసి కంగారు పడతాడు, అది కేవలం ఆ ఊరు ఎత్తులో ఉండటం వల్ల. కానీ ఆ రెండు అంకెల తేడా చూడండి, దాదాపు 29 మీటర్లు. రైలు లెక్కన ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఏరు అంత దిగుతోంది. గోదావరి మైదానంలో నడిచినట్టు ఇది నడవదు, దూకుతుంది.

ఏరు మొత్తం పొడవే 254 కిలోమీటర్లు. నియమగిరి వైపు కొండల్లో పుట్టి మునిగుడ, గుడారి, గుణుపురం మీదుగా మన దాకా వస్తుంది, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి పొడవునా రెండు పక్కల నుంచీ గెడ్డలు, అంటే చిన్న వాగులు కలుస్తూనే ఉంటాయి. పైన కొండల్లో సాయంత్రం కుండపోత పడితే ఆ నీళ్లు ఇంకడానికి చోటు, టైము రెండూ ఉండవు. అందుకే మీ దగ్గర ఆకాశం తేటగా ఉన్నా ఏరు వచ్చేస్తుంది. ఈ కొండ వరదల వేగం తెలియాలంటే 2017 జులై గుర్తు చేసుకోండి, మన పక్క ఏరు నాగావళి వైపు, రాయగడ జిల్లాలో తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైల్వే వంతెనే కొట్టుకుపోయింది.

సరే, ఇప్పుడు ఎక్కడ చూడాలి. కేంద్ర జల సంఘం వరద అంచనాల సైట్ ఒకటి ఉంది, 2023 ఆగస్టులో ఫ్లడ్‌వాచ్ ఇండియా అని యాప్ కూడా వదిలారు. రెండింట్లోనూ స్టేషన్ పేరు మీద నొక్కితే గ్రాఫ్ వస్తుంది. పసుపు రంగు అంటే వార్నింగ్ లెవెల్ దాటింది, నారింజ అంటే డేంజర్ లెవెల్ దాటింది, ఎరుపు అంటే ఇంతకు ముందు నమోదైన అతి పెద్ద వరద మట్టాన్ని అందుకుంది లేదా దాటింది అని. మీలాంటి నాలాంటి వాళ్లకి ఈ రంగులతో పెద్దగా పని లేదు. అవి ఊళ్లకి, రోడ్లకి పెట్టిన హద్దులు. ఏటి లోపల దించిన ఇంజను పసుపు రంగు రాకముందే మునిగిపోతుంది. మీరు చూడాల్సింది గ్రాఫ్ గీత ఎంత నిటారుగా లేస్తోంది అన్నది. దాని పక్కన ఉండే టైము కూడా చూడండి, చాలామంది చూడరు. వాన గట్టిగా పడుతున్న రోజే సిగ్నల్ పోయి పాత అంకె అలాగే కూర్చుంటుంది, మనం అది ఇప్పటిదనుకుని పడుకుంటాం.

మీకు కాశీనగర్ అంకె కంటే గుణుపురం అంకె ఎక్కువ పనికొస్తుంది. కాశీనగర్ చూడటం అంటే వాకిట్లోకి వచ్చినవాణ్ని చూడటమే. గుణుపురంలో లేచిన నీళ్లు మన వైపు రావడానికి నా అనుభవంలో నాలుగైదు గంటలు పడుతుంది, వరద పెద్దదైతే ఇంకా తొందరగా వస్తుంది, ఏరు సన్నగా ఉన్నప్పుడు ఆలస్యం అవుతుంది. మీ పొలం దగ్గర ఈ లెక్క కొంచెం మారుతుంది, రెండు మూడు సార్లు గుణుపురంలో గరిష్ఠం ఎప్పుడు వచ్చింది, మీ దగ్గర ఎప్పుడు వచ్చింది రాసి పెట్టుకుంటే మీ లెక్క మీకే తేలుతుంది. ఇందులో ఒక చిల్లు ఉంది, అది మర్చిపోకండి. గుణుపురానికీ మీకూ మధ్య కలిసే గెడ్డలు గుణుపురం గేజ్‌లో కనపడవు. అక్కడ ఏరు నిలకడగా ఉండి మీ దగ్గర పెరిగిందంటే దగ్గరి కొండల్లో వాన పడిందని అర్థం, అప్పుడు మీకు నాలుగు గంటలు ఉండవు. దీనికి వాన ఎక్కడ పడుతోందో చూపించే రాడార్ బొమ్మ చూడటం ఒక్కటే దారి. గోపాల్‌పూర్‌లో, విశాఖపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి, బొమ్మలు సైట్లో ఉచితమే. సాయంత్రం పూట కొండల మీద ఎరుపు మచ్చ కదలకుండా గంటసేపు కూర్చుందంటే ఆ రాత్రి నేను ఇంజను దగ్గరే పడుకుంటాను. ఉదయం ఎనిమిదిన్నరకి ఇచ్చే వర్షపాతం లెక్కలు ఉంటాయి కానీ అవి జరిగిపోయిన వాన. నేల ఎంత నానిందో తెలుసుకోవడానికి పనికొస్తాయి. జూన్‌లో మొదటి పెద్ద వానకి ఏరు పెద్దగా కదలదు, అదే వాన సెప్టెంబర్‌లో నేల పూర్తిగా తడిసి ఉన్నప్పుడు పడితే మొత్తం కిందికే వస్తుంది. గుణుపురాన్ని ముంచిన 1980 వరద వచ్చింది సెప్టెంబర్‌లోనే. గుణుపురం పెద్దవాళ్లని అడగండి, ఏ గోడకి ఎంతవరకు వచ్చిందో ఇప్పటికీ చెయ్యి పెట్టి చూపిస్తారు.

శ్రీకాకుళం చుట్టాలు ఫోన్ చేసి గొట్టా బ్యారేజీ దగ్గర ఇన్ని వేల క్యూసెక్కులు అంట కదా అంటారు. ఆ అంకె హిరమండలం దిగువ వాళ్లకి. గొట్టా మనకి కింద ఉంది, పైగా పర్లాకిమిడి మీదుగా వచ్చే మహేంద్రతనయ ఏరు కూడా మన దిగువనే కలుస్తుంది, కాబట్టి ఆ లెక్కలో మన ఏటివి కాని నీళ్లు కూడా ఉంటాయి. మన దగ్గర నుంచి వెళ్లిన నీళ్లే తిరిగి మనకి వార్తగా వస్తాయి, వాటితో మీకు పని లేదు. అయితే ఎగువన బడానాళా రిజర్వాయర్ గేట్లు తీస్తున్నారంటే మాత్రం చెవి ఒగ్గండి, ఆ నీళ్లు వంశధారలోకే వస్తాయి.

ఇప్పుడు అసలు పని, మీ సొంత గేజ్. సెన్సార్ గురించి తర్వాత చెప్తాను, ముందు ఇది చేయండి, రంగు డబ్బా ఖర్చు తప్ప ఏమీ లేదు. ప్రభుత్వ గేజ్ సైట్లలో ఉండేది కూడా పెద్ద యంత్రమేం కాదు. ఒడ్డు పై నుంచి నీళ్లలోకి వరసగా పాతిన పోస్టులు, వాటికి సెంటీమీటర్ల గీతలున్న రేకులు. కింద పోస్టు మునిగితే పై పోస్టు చూడటమే. వరద రోజుల్లో గంటకోసారి రాత్రంతా చూడాలి, టార్చిలైటు, గొడుగు, పాములతో సహా. నీళ్లు ఊగుతుంటాయి కాబట్టి అల లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి చూసి మధ్యది రాసుకునేవాళ్లం.

మీరు కర్ర పాతకండి, మొదటి దుంగ తగిలితే పోతుంది. ఏటి ఒడ్డున కదలని బండ గానీ, పాత రేవు గోడ గానీ, కల్వర్టు సిమెంటు గానీ వెతకండి. వంతెన స్తంభం వెనకవైపు వద్దు, అక్కడ నీళ్లు సుడి తిరిగి మట్టం తప్పు చూపిస్తుంది. స్తంభానికి ఎదురు వైపూ వద్దు, నీళ్లు పైకి ఎగబాకుతాయి. నీళ్లు నెమ్మదిగా ఒడ్డుని రాసుకుంటూ పోయే చోటు కావాలి. తాపీమేస్త్రీలు సమమట్టం చూడటానికి వాడే నీళ్ల పైపు ఉంటుంది కదా, దాంతో పది సెంటీమీటర్లకొక గీత, యాభైకొక పెద్ద గీత వేయండి. ఒడ్డు వాలుగా ఉంటే టేపుతో వాలు వెంబడి కొలిస్తే తప్పు, నిలువు ఎత్తే కావాలి, అందుకే నీళ్ల పైపు. తర్వాత ఏరు నిలకడగా ఉన్న రోజు పొద్దున ఎనిమిదింటికి మీ గీత చూసుకుని, అదే టైముకి సైట్లో కాశీనగర్ అంకె ఎంతుందో పక్కన రాయండి. ఏరు తక్కువున్నప్పుడు, మధ్యస్తంగా ఉన్నప్పుడు, పొంగినప్పుడు ఇలా రాసుకుంటూ పోతే ఒక సీజన్లో మీ గీతకీ ప్రభుత్వ గేజ్‌కీ పొత్తు కుదురుతుంది. తేడా అన్నిసార్లూ ఒకటే ఉండదు, ఏరు వెడల్పు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి.

ఆ గీతల మీద మీకు కావాల్సిన మట్టాలు ఎర్ర రంగుతో గుర్తు పెట్టండి. ఇంజను బెడ్ ఎక్కడ, బండి దారి ఎక్కడ మునుగుతుంది, పొలం గట్టు ఎక్కడ. వీటిలో బండి దారి గుర్తు అందరూ మర్చిపోతారు, ఇంజను మునగకముందే దారి మునిగితే ఇంజను బయటికి తీయలేరు. ఇక లెక్క. ఇంజను విప్పి పైకి లాగడానికి మనుషుల్ని లేపి తీసుకురావడంతో సహా గంటన్నర పడుతుందనుకోండి. ఏరు గంటకి నలభై సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంటే గంటన్నరలో అరవై సెంటీమీటర్లు వస్తుంది. వేగం మధ్యలో పెరగొచ్చు కాబట్టి ఇంజనుకి లేదా దారికి, ఏది కింద ఉంటే దానికి, మీటరు కింద ఒక గీత పెట్టుకోండి. ఏరు ఆ గీత తాకితే ఆలోచించేది లేదు, లాగేయడమే. ఇంకొకటి నేను పాటించేది, అరగంటకోసారి చూస్తున్నప్పుడు వరసగా రెండు సార్లు పది సెంటీమీటర్ల చొప్పున పెరిగితే గీత దాకా ఆగను. మొదటిసారి పది, రెండోసారి ఇరవై అయితే మాట్లాడేదే లేదు, పెరిగే వేగమే ఇంకా ఎక్కువవుతోందని అర్థం. కొన్నిసార్లు ఊరికే లాగి, పొద్దున్న మళ్లీ దించుతాం, ఇంట్లో వాళ్లు తిడతారు, పర్లేదు.

ఎర్ర నీళ్లు, వెదురు చెత్త, నురగ కనపడితే వరద వస్తుందని పెద్దవాళ్లు అంటారు. సగమే నిజం. దగ్గరి గెడ్డ పొంగితే ఎర్ర నీళ్లు ముందే కనపడతాయి. దూరం నుంచి వచ్చే వరదలో మాత్రం నీటి పోటు, నీళ్ల కంటే వేగంగా కిందికి నడుస్తుంది. పైన పడ్డ బరువు మధ్యలో ఉన్న పాత నీళ్లని ముందుకు నెట్టుకొస్తుంది, అందుకని మీ దగ్గర తేట నీళ్లతోనే మట్టం లేచి, ఆ తర్వాతే ఎరుపు రావచ్చు. రంగు కోసం కాచుకుంటే ఆలస్యమే.

ప్రవాహం ఎంత అని కూడా ఒక ముక్క అడిగారు. మట్టం వేరు, ప్రవాహం వేరు. గేజ్ సైట్లో మేం పొద్దున పూట పడవ మీద ఏటికి అడ్డంగా వెళ్లి, వెడల్పుని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో లోతు చూసి, పై నుంచి లోతులో అరవై శాతం దగ్గర నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ పెట్టి వేగం తీసేవాళ్లం. వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం. ఇలా చాలా రోజులవి కలిపి ఈ మట్టానికి ఇంత ప్రవాహం అని ఆఫీసులో ఒక వంపు గీత గీస్తారు, తర్వాత మట్టం చూసి ప్రవాహం చెప్పేస్తారు. ఇక్కడే చిక్కు. మన ఏటిది ఇసుక అడుగు. ఒక పెద్ద వరదకి ఇసుక కోసుకుపోతుంది, ఇంకో దానికి మేట వేస్తుంది, మధ్యలో లారీలు తవ్వుకుపోతాయి. నిరుటి మట్టానికి నిరుటి ప్రవాహం ఈ ఏడు ఉండదు. పైగా ఒకే మట్టం దగ్గర ఏరు ఎక్కుతున్నప్పుడు పోయే నీళ్లు, దిగుతున్నప్పుడు పోయే నీళ్ల కంటే ఎక్కువ. ఒడిశా, ఆంధ్ర మధ్య నీటి పంపకాల కోసం వంశధార ట్రిబ్యునల్ 2010 నుంచి 2021 దాకా నడిచింది, గొట్టా దగ్గర 115 టీఎంసీలని చెరి సగం అన్నారు. అంత పెద్ద పంచాయతీకి కూడా అడుగున ఉన్నవి ఇలా పడవ మీద తీసిన అంకెలే.

మీకు కుతూహలం ఉంటే ఎండాకాలం ముందు, ఏరు మోకాలి నుంచి నడుము లోతులో ఉన్నప్పుడు తీసి చూడండి. తిన్నగా ఉన్న చోట ఇరవై మీటర్లు కొలిచి రెండు తాళ్లు కట్టండి. సగం నీళ్లు పోసిన బాటిల్ వదలండి, ఖాళీ బాటిల్ అయితే గాలికి కొట్టుకుపోతుంది. పదహారు సెకన్లలో దాటితే పై వేగం సెకనుకి 1.25 మీటర్లు. అడుగున వేగం తక్కువ కాబట్టి 0.85తో గుణించండి, 1.06 వస్తుంది. వెడల్పు 60 మీటర్లు, సగటు లోతు 1.2 మీటర్లు అయితే వైశాల్యం 72 చదరపు మీటర్లు, సెకనుకి సుమారు 76 ఘనపు మీటర్లు, క్యూసెక్కుల్లో 2,700 దగ్గర. ఒడ్డు దగ్గర ఒకసారి, నడిమిట్లో ఒకసారి వదిలి సగటు తీయండి. వరదలో మాత్రం ఏట్లో దిగి ఈ సరదాలు వద్దు.

ఇక సెన్సార్. ధ్వనిని పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్‌వి చవకగా వస్తాయి, పిల్లలు ప్రాజెక్టులకి వాడేవి. వాటర్‌ప్రూఫ్ అని అమ్మేవి చాలావరకు నాలుగున్నర మీటర్లకి మించి చూడవు, మన ఏరు ఒక్క రాత్రిలో అంతకంటే ఎక్కువ లేవగలదు. ధ్వని వేగం ఎండకి మారుతుంది, ఇరవై డిగ్రీల తేడాకి నాలుగు మీటర్ల దూరంలో పద్నాలుగు సెంటీమీటర్ల దాకా తప్పు చూపిస్తుంది, ఉష్ణోగ్రత సరిచేసే ఏర్పాటు ఉంటే తప్ప. నీళ్లలో ముంచి పెట్టే ప్రెషర్ రకం ఇంకో రకం తలనొప్పి. బురద పూడుకుంటుంది, బయటి గాలి ఒత్తిడిని సరిచూసుకునే సన్న గొట్టం లేని రకమైతే తుపాను వచ్చినప్పుడు వాతావరణ పీడనం పడిపోతే మట్టం కూడా అంత తగ్గినట్టు చూపిస్తుంది, ఒక మిల్లీబార్‌కి సుమారు సెంటీమీటర్. అంటే సరిగ్గా అవసరమైన రోజునే అబద్ధం చెప్తుందన్నమాట. వంతెనకి బిగించే రాడార్ రకం బాగుంటుంది, ప్రభుత్వ ఆటోమేటిక్ స్టేషన్లలో వాడతారు, ధర మన వల్ల కాదు. ఏది పెట్టినా మెసేజ్ రావాలంటే టవర్ ఉండాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి, ఆ రోజు పనికొచ్చింది బండ మీద గీతలూ టార్చిలైటే. అయినా పెట్టుకోవాలనుంటే, ఇంజను కింద మీటరు దగ్గర బావి మోటారుకి వాడే ఫ్లోట్ స్విచ్ ఒకటి జాలీ పెట్టెలో బిగించి, బ్యాటరీతో ఒడ్డు మీద సైరన్‌కి కలపండి. కొలవదు, అరుస్తుంది. రాత్రి పూట మనకి అంతే కావాలి. చెత్త ఇరుక్కుంటుంది కాబట్టి వారానికోసారి కడగాలి.

చివరిగా, ఏరు దిగుతున్నప్పుడు తొందరపడి ఇంజను కిందికి తీసుకెళ్లకండి. ఒడ్డు నిండా నీళ్లు పీల్చుకుని ఉంటుంది, ఏటి నీళ్లు ఆనుకుని ఉన్నంతసేపు నిలబడుతుంది, నీళ్లు గబుక్కున తగ్గితే ఆసరా పోయి పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. మా వైపు ఒడ్డు కోత చాలావరకు వరద తగ్గే రోజునే అవుతుంది. పశువుల్ని కూడా ఆ రోజు ఒడ్డు అంచున కట్టకండి, అంచుకి సమాంతరంగా నేల మీద నెర్రె కనపడితే దాని ఇవతలే ఉండండి.

మీ పొలం ఏటి వంపుకి లోపలి వైపా, బయటి వైపా? దగ్గర్లో పాత రేవు గోడ గానీ బండ గానీ ఉందా? అది చెప్తే గీతలు ఎక్కడ వేస్తే బాగుంటుందో చెప్తాను. ఆదివారం నేను కాశీనగర్ వైపే వస్తాను, నీళ్ల పైపు నా దగ్గరుంది.